పేరు తెలియని మనుషులు: పబ్బు కౌంటరు నుంచి ఎయిర్‌పోర్టు గేటు దాకా

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకి వచ్చేయండి, మధ్యలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, పక్కన తెలియనివాళ్ళు ఉన్నారని మొహమాటపడకండి, ఇవాళ నేను మాట్లాడబోయేదే ఆ తెలియనివాళ్ళ గురించి.

ఒక మనిషితో మొదలుపెడతా. మా వీధి చివర ఒక పబ్బు ఉంది, పెద్దదేం కాదు, ఓ పది టేబుళ్ళు, ఒక పొడుగాటి కౌంటరు, ఆ కౌంటరు చివర ఒక స్తంభం. ఆ స్తంభానికి ఆనుకుని ఉన్న స్టూలు మీద ఒక పెద్దాయన కూర్చునేవాడు. వారానికి రెండు మూడు సాయంత్రాలు, ఏడు ఏడున్నర మధ్య వచ్చేవాడు, రాగానే కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకునేవాడు, ఒక్కటంటే ఒక్క గ్లాసు తీసుకుని గంటసేపు కూర్చుని వెళ్ళిపోయేవాడు. నేను ఐదేళ్ళు చూశా ఆయన్ని. మొదట్లో చూపులు కలిస్తే పక్కకి తిప్పుకునేవాళ్ళం, ఏడాదికి తల ఊపడం మొదలైంది, ఇంకో ఏడాదికి చిన్న నవ్వు. అంతే, అక్కడితో ఆగిపోయింది. పేరు తెలీదు, ఏం చేస్తాడో తెలీదు, ఎక్కడుంటాడో తెలీదు. కానీ ఆయన రాని రోజు ఆ స్టూలు వైపు ఒకసారి చూసేవాణ్ణి, అది మాత్రం నిజం.

దీనికి మన భాషలో చక్కటి మాట ఉంది, ముఖపరిచయం. పేరు పరిచయం కాదు, మాట పరిచయం కాదు, మొహం ఒక్కటే తెలుసు. సిటీలో బతికే ప్రతివాళ్ళకీ ఇలాంటి మొహాలు కొన్ని ఉంటాయి, లిఫ్టులో కనిపించే ఆవిడ, బస్టాపులో రోజూ అదే చోట నిలబడే కుర్రాడు, పొద్దున్నే కుక్కని తిప్పే మనిషి. వీళ్ళని మన జీవితంలో ఉన్నవాళ్ళ లెక్కలో వేసుకోం. వేసుకోవాలి అంటాను నేను, ఈ గంటలో చెప్పదలుచుకున్నది అదే.

స్టాన్లీ మిల్‌గ్రామ్ అని ఒక సైకాలజిస్టు ఉండేవాడు, ఆయన 1972లో దీని మీద రాశాడు. న్యూయార్క్‌కి రోజూ రైల్లో వెళ్ళొచ్చేవాళ్ళు ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉండగా ఆయన స్టూడెంట్లు ఫోటోలు తీశారు, ఫోటోలో ఒక్కొక్కళ్ళకీ ఒక నంబరు వేసి, తర్వాత మళ్ళీ అదే స్టేషనుకి వెళ్ళి అక్కడున్నవాళ్ళకే ఆ కాయితాలు పంచి, వీళ్ళలో ఎవరెవర్ని గుర్తుపడతారు, ఎవరితో మాట్లాడారు అని అడిగారు. పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది, ఎప్పుడూ పలకరించని మనిషిని కనీసం ఒకర్నైనా గుర్తుపట్టారు. సగటున ఒక్కొక్కళ్ళకి అలాంటి మొహాలు నాలుగున్నాయి. మాట్లాడినవాళ్ళ సంఖ్య దానికంటే బాగా తక్కువ. ఏళ్ళ తరబడి పక్కపక్కన నిలబడి ఒకే రైలు ఎక్కుతున్నారు, ఒక్క మాట లేదు.

ఇంకో సంగతి కూడా చెప్తాడు ఆయన, నాకు ఇదే ఎక్కువ గుర్తుంటుంది. బ్రూక్లిన్‌లో ఒకావిడ వీధిలో స్పృహ తప్పి పడిపోయింది. అదే వీధిలో ఉండే ఇంకొకావిడకి ఆమె మొహం ఏళ్ళుగా తెలుసు, ఎప్పుడూ మాట్లాడలేదు. ఆవిడ పరిగెత్తుకుని వచ్చి అంబులెన్సు పిలిపించి, తనూ ఎక్కి ఆస్పత్రి దాకా వెళ్ళింది, వైద్యం సరిగ్గా చేస్తారా లేదా అని, ఆమె వస్తువులు పోకుండా చూసుకోడానికి కూడా. ఎందుకమ్మా అంటే ఇన్నేళ్ళుగా చూస్తున్నా కదా, నా బాధ్యత అనిపించింది అందట. మాట కలవకపోయినా లోపల ఏదో జమ అవుతూ ఉంటుంది, అవసరమైన రోజు బయటికొస్తుంది.

అసలు ఈ మాట్లాడకుండా పక్కపక్కన ఉండటం అనేది మనిషికి కొత్త అలవాటు. గియోర్గ్ జిమ్మెల్ అని జర్మన్ సోషియాలజిస్టు, వందేళ్ళకి పైమాటే, ఆయన పట్టుకున్నాడు దీన్ని. పందొమ్మిదో శతాబ్దంలో బస్సులు, రైళ్ళు, ట్రాములు రాకముందు మనుషులు నిమిషాల తరబడి గంటల తరబడి ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూస్తూ నోరు మెదపకుండా కూర్చోవాల్సిన పరిస్థితే లేదన్నాడు. ఎదురుగా మనిషి ఉంటే పలకరించడమే అప్పటిదాకా ఉన్న పద్ధతి, మరి ఒక డబ్బాలో యాభైమందిని ఎక్కించాక అందర్నీ పలకరించడం కుదరదు కదా, అందుకని చూసీ చూడనట్టు ఉండటం నేర్చుకున్నాం. అదొక మర్యాద కూడా, దాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను, ఒంటరిగా రాత్రిపూట ప్రయాణం చేసే ఆడమనిషికి ఆ చూసీ చూడనట్టు ఉండటమే పెద్ద సాయం. ఎవరైనా హెడ్‌ఫోన్సు పెట్టుకుని కిటికీ వైపు తిరిగారంటే మన కబుర్లు వద్దని అర్థం, అక్కడితో వదిలెయ్యాలి.

సరే, పబ్బు దగ్గరికి వద్దాం. పబ్బు అంటే పబ్లిక్ హౌస్ అన్న మాటకి పొట్టి రూపం, అంటే అందరి ఇల్లు. 1989లో రే ఓల్డెన్‌బర్గ్ అనే సోషియాలజిస్టు మూడో చోటు అనే ఆలోచన ముందుకు తెచ్చాడు. ఇల్లు మొదటి చోటు, ఆఫీసు రెండోది, ఈ రెండూ కాకుండా మనిషి ఊరికే వెళ్ళి కూర్చోగలిగే ఇంకో చోటు కావాలి, అక్కడ హోదా పనికిరాదు, మాటే ముఖ్యం, ఎప్పుడూ వచ్చేవాళ్ళు కొంతమంది ఉంటారు, పిలుపు అక్కర్లేదు. ఈ మూడో చోటు పబ్బే అవ్వాలని రూలేం లేదు, కాఫీ షాపు కావచ్చు, సెలూను కావచ్చు, లైబ్రరీ మెట్లు కావచ్చు. తాగమని నేను చెప్పట్లేదు, దయచేసి అలా తీసుకోకండి, మా పబ్బులో సోడా ఒక్కటే తాగి రెండు గంటలు కూర్చుని వెళ్ళేవాళ్ళున్నారు.

కానీ ఆ కౌంటరు ఉంది చూశారూ, దాని గురించి కాస్త చెప్పాలి నేను. టేబులు దగ్గర కూర్చుంటే ఎదురెదురుగా కూర్చుంటాం, అంటే మాట్లాడి తీరాలి, ఊరుకుంటే ఎబ్బెట్టుగా ఉంటుంది. కౌంటరు దగ్గర పక్కపక్కన కూర్చుని ఇద్దరం ఎదురుగా ఉన్న సీసాల వైపు చూస్తూ ఉంటాం, మాట్లాడాలనిపిస్తే సగం తల తిప్పితే చాలు, వద్దనుకుంటే మళ్ళీ సీసాల వైపు చూడొచ్చు, ఎవరూ నొచ్చుకోరు. లోపలికి రావడం ఎంత తేలికో బయటికి పోవడం కూడా అంతే తేలిక. కొత్త మనిషితో మాట కలవాలంటే ఆ తేలిక ఉండాలి. పైగా కౌంటరు వెనకాల ఉన్న అబ్బాయి ఇద్దరికీ కామన్, ఆయనతో అన్న మాట పక్కాయన అందుకోవచ్చు, మా పబ్బులో సగం మాటలు అలాగే మొదలవుతాయి.

మ్యూజిక్ సౌండు పెంచితే ఇదంతా పోతుంది, పక్కాయన మాటే వినపడదు. మాట కలిశాక అది నిలవాలన్నా గుంపు చిన్నదిగా ఉండాలి. రాబిన్ డన్‌బార్ అనే ఆంత్రోపాలజిస్టు చాలాకాలం మనుషుల కబుర్ల మీద పని చేశాడు, ఒకే సంభాషణలో నలుగురికి మించి నిలవరని ఆయన తేల్చాడు, ఐదోమనిషి వస్తే కాసేపట్లో అది రెండుగా చీలిపోతుంది. మీరే గమనించండి ఈసారి. ఆయన బృందమే ఇంగ్లండులో పబ్బుల మీద ఒక స్టడీ చేసి 2016లో బయటపెట్టింది, తనకంటూ ఒక లోకల్ పబ్బు ఉన్నవాళ్ళకి దగ్గరి స్నేహితులు ఎక్కువున్నారు, చుట్టుపక్కలవాళ్ళ మీద నమ్మకం ఎక్కువుంది. పబ్బు వల్ల అలా అయ్యారా, అలాంటివాళ్ళే పబ్బుకి వెళ్తారా అని మీరు అడగొచ్చు, న్యాయమైన ప్రశ్నే, రెండూ కొంచెం కొంచెం ఉంటాయని నా నమ్మకం. అదే బ్రిటన్‌లో 2000లో అరవై వేల దాకా ఉన్న పబ్బులు ఇప్పుడు నలభై ఐదు వేల దగ్గరికి దిగిపోయాయి. ఒక్కోటి మూతపడ్డప్పుడు ఎన్ని ముఖపరిచయాలు దాంతోపాటు పోయుంటాయో ఎవరు లెక్కపెడతారు?

వీధికి కూడా నష్టమే. నగరాల మీద రాసిన జేన్ జేకబ్స్ అనే రచయిత్రి ఈ మాట 1961లోనే చెప్పింది. న్యూయార్క్‌లో ఆవిడుండే హడ్సన్ స్ట్రీట్‌లో వైట్ హార్స్ అనే బారు ఉండేది, అర్ధరాత్రి దాటాక కూడా అక్కడికి వచ్చేపోయేవాళ్ళ వల్ల వీధిలో మనుషులుండేవాళ్ళు, ఎంత పొద్దుపోయి ఇంటికొచ్చినా భయం లేకుండా ఉండేది. వీధిని కాసేది పోలీసు ఒక్కడే కాదు, అటూ ఇటూ తిరిగే మామూలు మనుషుల కళ్ళు కూడా.

ఇప్పుడు ఎయిర్‌పోర్టు. పబ్బుకి పూర్తిగా ఎదురు చోటు ఇది. అక్కడ వచ్చినవాళ్ళే మళ్ళీ మళ్ళీ వస్తారు, ఇక్కడ ఒకసారి చూసిన మొహం మళ్ళీ కనపడదు. అందరం వెళ్ళిపోవడానికే వస్తాం. అందుకే డిలే అయినప్పుడు అంత కోపం వస్తుంది, ఉండటానికి కాని చోట ఉండాల్సి వస్తుంది కాబట్టి.

డిలే ఎందుకవుతుందో తెలిస్తే కోపం పూర్తిగా పోకపోయినా దిక్కు మారుతుంది. ఒక చిన్న జెట్టు విమానం రోజుకి నాలుగు, ఐదు, ఒక్కోసారి ఆరు ట్రిప్పులు కూడా తిరుగుతుంది, ఒకచోట దిగి మళ్ళీ లేవడానికి మధ్యలో ఉండేది అరగంట, ముప్పావు గంట. ఆ కాస్త టైములోనే జనం దిగాలి, లోపల శుభ్రం చెయ్యాలి, ఇంధనం నింపాలి, సామాను దించి ఎక్కించాలి, మళ్ళీ జనం ఎక్కాలి. పొద్దున మొదటి ట్రిప్పుకి గంట ఆలస్యమైతే ఆ గంట సాయంత్రం దాకా ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మోసుకుంటూ పోతుంది. ఐరోపాలో లెక్కలు చూస్తే మొత్తం ఆలస్యం నిమిషాల్లో దాదాపు సగం ఇలా ముందు ట్రిప్పు నుంచి అంటుకున్నవే. మీ కిటికీలోంచి ఆకాశం నిర్మలంగా కనిపిస్తుంటుంది, మీ ఫ్లైటు మాత్రం రాదు, ఎందుకంటే ఆ విమానం పొద్దున ఇంకెక్కడో పొగమంచులో ఇరుక్కుంది. పొగమంచు ఉంటే రన్‌వే మూసేస్తారనుకుంటాం, చాలాసార్లు మూయరు, విమానానికీ విమానానికీ మధ్య దూరం పెంచుతారు, దాంతో గంటకి దిగే విమానాలు తగ్గిపోతాయి, మిగతావి ఎక్కడివక్కడ ఆగుతాయి. ఈలోగా పైలట్ల డ్యూటీ టైము అయిపోతుంది. వాళ్ళు ఇన్ని గంటలకి మించి పని చెయ్యకూడదని రూలు, అది మన ప్రాణం కోసమే, అలిసిపోయిన పైలటు కంటే ఆలస్యమైన ఫ్లైటు నయం. కానీ కొత్త సిబ్బంది రావాలంటే ఇంకో రెండు గంటలు.

ఇదంతా అర్థం చేసుకోగలం. నాకు అర్థం కానిదల్లా చెప్పకపోవడం. డేవిడ్ మైస్టర్ అని ఒకాయన 1985లో ఎదురుచూపు గురించి చాలా సూటిగా రాశాడు, ఎంతసేపో తెలియని ఎదురుచూపు తెలిసినదానికంటే ఎక్కువ అనిపిస్తుంది, కారణం చెప్పని ఎదురుచూపు చెప్పినదానికంటే ఎక్కువ అనిపిస్తుంది, ఒంటరిగా చూసే ఎదురుచూపు నలుగురితో చూసేదానికంటే ఎక్కువ అనిపిస్తుంది. మూడోదాన్ని గుర్తుపెట్టుకోండి. హ్యూస్టన్ ఎయిర్‌పోర్టు కథ కూడా చాలామంది చెప్తుంటారు, సామాను ఆలస్యంగా వస్తోందని జనం గొడవ పెడుతుంటే వాళ్ళు విమానాలు ఆగే గేట్లని దూరానికి మార్చారు, జనం ఆరింతలు నడిచి వెళ్ళేసరికి పెట్టె వచ్చేసి ఉండేది, కంప్లయింట్లు దాదాపు ఆగిపోయాయి. తెలివైన పనే, కానీ నాకు నచ్చదు. మనిషిని తిప్పించి ఏమార్చడం కంటే కూర్చోబెట్టి ఇంతసేపు పడుతుంది, ఇందుకు అని చెప్పడం మర్యాద.

ఇక నా కథ. రెండేళ్ళ కింద చలికాలంలో పొద్దున్నే ఫ్లైటు ఎక్కాలి, వేరే ఊళ్ళో పని ముగించుకుని ఇంటికి తిరిగొస్తున్నా. గేటు దగ్గర బోర్డు మీద టైము నలభై నిమిషాలు వెనక్కి వెళ్ళింది, ఆ నలభై అయ్యేసరికి ఇంకో నలభై, అలా నాలుగుసార్లు. అడిగితే ఆపరేషనల్ రీజన్స్ అన్నారు, కౌంటరులో ఉన్న అమ్మాయికి కూడా అంతకు మించి చెప్పలేదని ఆ అమ్మాయి మొహం చూస్తేనే తెలుస్తోంది, ఆమె మీద అరుస్తున్నవాళ్ళని చూస్తే బాధేసింది నాకు. ఫోన్‌లో ఛార్జింగు అయిపోవచ్చింది, గోడ పక్కన ప్లగ్గు ఉంటే అక్కడికి వెళ్ళా, రెండు ప్లగ్గుల్లో ఒకటి పని చెయ్యదు, రెండోదానికి ఎవరిదో ఫోను పెట్టి ఉంది. పక్కనే నేల మీద కూర్చున్న మనిషి కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటున్నాడు.

నాకు ఆ చొక్కా అంచు కనిపించగానే తెలిసిపోయింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని తలెత్తి చూశాడు, ఒక్క క్షణం ఎక్కడి మొహమా అని వెతుక్కున్నాడు. "మీరు... ఆ డోరు పక్క టేబులు కదా" అన్నాడు. "మీరు స్తంభం దగ్గర" అన్నా. ఐదేళ్ళలో మేం మాట్లాడుకున్న మొదటి మాటలు అవి. ఆయన తన ఫోను ప్లగ్గులోంచి తీసేసి "నాది సగం ఎక్కింది, మీరు పెట్టుకోండి" అన్నాడు, నేనూ నేల మీదే కూర్చున్నా.

మిల్‌గ్రామ్ సరిగ్గా ఇదే రాశాడు, ముఖపరిచయం ఉన్న ఇద్దరు రోజూ కలిసే చోట మాట్లాడుకోవడం కష్టం, అక్కడ మౌనం గట్టిపడిపోయి ఉంటుంది, అదే ఇద్దరూ దూరదేశంలో ఎదురుపడితే చటుక్కున పలకరించుకుంటారు అని. నాకు చదివినప్పుడు అర్థం కాలేదు గానీ ఆ గోడ పక్కన కూర్చున్నప్పుడు అర్థమైంది. ఆ గేటు దగ్గర రెండొందల మందిలో నా వీధి తెలిసిన మనిషి ఆయనొక్కడే.

మొత్తం ఆరు గంటలు. ఆయన లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడట, భార్య పోయి ఆరేళ్ళయింది, ఏడింటికి ఇంట్లో ఉండలేక పబ్బుకి రావడం మొదలుపెట్టాడు, ఎందుకంటే ఆవిడున్నప్పుడు ఏడింటికి ఇద్దరూ కూర్చుని ఆ రోజు సంగతులు చెప్పుకునేవాళ్ళట. ఒక్క గ్లాసు ఎందుకంటే గంటసేపు అక్కడ కూర్చోడానికి అదొక టికెట్టు అన్నాడు. ఐదేళ్ళు నేను తల ఊపింది ఈ మనిషికి, నాకు ఇవేవీ తెలీదు. నేనేం చెప్పానో వదిలెయ్యండి, అది పెద్ద విషయం కాదు. ఫ్లైటు పిలిచేసరికి ఇద్దరం ఫోన్ నంబర్లు తీసుకున్నాం, పక్క సీట్లేం దొరకలేదు, ఆయన ముందు వరసల్లో, నేను వెనకాల.

ఇది చిన్న సంగతి, పెద్దది ఒకటుంది. 2001 సెప్టెంబర్ 11న అమెరికా ఆకాశం మూసేసినప్పుడు అట్లాంటిక్ మీదున్న విమానాలు దిగడానికి చోటు లేక కెనడాకి మళ్ళాయి. గాండర్ అని చిన్న ఊరు, పదివేల జనాభా. ఒకప్పుడు సముద్రం దాటే విమానాలు ఇంధనం కోసం అక్కడ ఆగేవి కాబట్టి ఊరికి మించిన రన్‌వే ఉంది. ఆ ఒక్కరోజు 38 ప్యాసింజర్ విమానాలు దిగాయి, ఆరున్నర వేలకు పైగా మనుషులు, చాలామంది గంటల తరబడి లోపలే కూర్చున్నారు, బయటికొచ్చాక ఎన్ని రోజులుంటారో ఎవరికీ తెలీదు. స్కూలు బస్సు డ్రైవర్లు అప్పుడు సమ్మెలో ఉన్నారు, సమ్మె పక్కనపెట్టి బస్సులు తీశారు. స్కూళ్ళు, చర్చిలు, హాళ్ళు పడకలైపోయాయి, ఇంటికి తీసుకెళ్ళి స్నానం చేయించి బట్టలిచ్చినవాళ్ళున్నారు. తిండి పాడవకుండా మంచు హాకీ ఆడే స్టేడియాన్నే ఫ్రిజ్జుగా వాడారు. మందులు పెట్టెల్లో ఉండిపోయినవాళ్ళ కోసం మందుల షాపులవాళ్ళు వాళ్ళ దేశాలకి ఫోన్లు చేసి ఏ మందు ఎంత మోతాదో కనుక్కుని ఇచ్చారు. వచ్చినవాళ్ళలో ముఖపరిచయం ఉన్నవాళ్ళు కూడా ఎవరూ లేరు వాళ్ళకి. మనుషుల్లో ఇది ఉంది అని చెప్పడానికే ఈ కథ, మామూలు రోజున పైకి రాదు, అంతే.

ఎందుకు రాదంటే ఎదుటివాళ్ళకి ఇష్టం ఉండదేమో అనుకుంటాం. నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ అనే ఇద్దరు షికాగోలో లోకల్ రైళ్ళలో వెళ్ళేవాళ్ళతో దీన్నే పరీక్షించి 2014లో రాశారు. కొంతమందిని పక్కనున్న కొత్త మనిషితో మాట్లాడమన్నారు, కొంతమందిని ఎవరితో మాట్లాడకుండా వెళ్ళమన్నారు. మాట్లాడితే ప్రయాణం చెడుతుందని జనం ముందే ఊహించారు, తీరా మాట్లాడినవాళ్ళకే ప్రయాణం బాగా జరిగింది. ఎదుటివాడికి ఇష్టం లేదని నేననుకుంటా, నాకు ఇష్టం లేదని ఎదుటివాడనుకుంటాడు, ఇద్దరం ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటాం.

ఎయిర్‌పోర్టులు కట్టేవాళ్ళు ఇక్కడెవరైనా ఉంటే ఒక్క మాట. ఆ కుర్చీలన్నీ ఒకే వరసలో, మధ్యమధ్య ఇనప చేతులతో, అందరూ ఒకే వైపు చూసేటట్టు వెయ్యకండి. ఒక పొడుగాటి కౌంటరు కట్టండి, స్టూళ్ళు వెయ్యండి, పక్కపక్కన కూర్చుని బయట రన్‌వే చూసేటట్టు, సగం తల తిప్పితే మాట కలిసేటట్టు. పనిచేసే ప్లగ్గులు పెట్టండి.

కిందటి నెల మా మాస్టారు మూడు వారాలు పబ్బుకి రాలేదు. నాకంటే ముందు కౌంటరులో అబ్బాయే అడిగాడు, స్తంభం దగ్గర సార్ రావట్లేదు, మీకేమైనా తెలుసా అని. ఆ స్టూలు మీద ఎవర్నీ కూర్చోనివ్వట్లేదట ఆ అబ్బాయి, కొత్తవాళ్ళు వస్తే పక్కది చూపిస్తున్నాడు. పేరు తెలుసా నీకు అన్నా, తెలీదన్నాడు. నా దగ్గర నంబరుంది కాబట్టి అక్కడే నిలబడి ఫోన్ చేశా. రెండోసారికి ఎత్తాడు, మోకాలి ఆపరేషనయిందట, ఇంకో పదిహేను రోజులకి నడవొచ్చన్నారట. స్పీకరు పెట్టా. కౌంటరులో అబ్బాయి గ్లాసు తుడవడం ఆపి ఫోను దగ్గరికి వంగి, "సార్, నేను, కౌంటరు" అన్నాడు. అవతల కాసేపు ఏం వినపడలేదు. తర్వాత ఆయన నీ పేరేంటి బాబూ అని అడిగాడు.